మణికట్టు వాపు... వారానికో మందు... వెనక మన సుబ్బారావు

పొద్దున లేచేసరికి రెండు మణికట్లూ వాచి ఉంటాయి. పిడికిలి బిగుసుకోదు. తలుపు గడియ తీయాలన్నా, గిన్నె ఎత్తాలన్నా గంటసేపు ఆగాల్సిందే. పొలం పనులకు వెళ్లే ఆడవాళ్లు దీన్ని నాట్లు, కలుపుల వల్ల వచ్చిన నొప్పి అనుకుంటారు. ఊళ్లో ఓ సూది వేయించుకుని మళ్లీ పనిలో పడతారు. నెలలు గడుస్తాయి. చివరికి విజయవాడ వచ్చి కీళ్ల డాక్టరుకు చూపించుకుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలుతుంది. ఈ జబ్బుకు డాక్టర్లు సాధారణంగా మొదట ఎంచుకునే మందు మెథోట్రెక్సేట్. ఆ మందుకు మూలం, కొల్లేటికి అవతలి ఒడ్డున భీమవరంలో పుట్టిన ఓ తెలుగువాడి పరిశోధన.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895 జనవరి 12న. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పేదరికం. తండ్రి పోయాక కొడుకు చదువు ఆగకూడదని వెంకమ్మ నగలు అమ్మారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన సుబ్బారావు మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. తెల్ల ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

అదే రోజుల్లో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలోనే చనిపోయారు. ప్రాణాలు తీసింది స్ప్రూ. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం తగ్గిపోయి మనిషి క్షీణించే జబ్బది. చేతిలో వైద్యవిద్య ఉన్నా తన వాళ్లను కాపాడుకోలేకపోయారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, మామగారి సాయంతో 1922లో అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరిని మళ్లీ చూడలేదు. తిరిగి ఈ గడ్డ మీద అడుగుపెట్టలేదు.

హార్వర్డ్‌లో చదువుకుంటూ పొట్టకూటి కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో కూలి పని చేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పిన తొలివారిలో ఆయన ఒకరు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లి పరిశోధన విభాగాన్ని నడిపించారు.

అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైంది. మన పల్లెల్లో ఇంటింటికీ తెచ్చి మింగించిన బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి. మరి దాన్ని అడ్డుకుంటే? రక్త క్యాన్సర్ పిల్లలకు వైద్యం చేస్తున్న సిడ్నీ ఫార్బర్‌కు అలాంటి మందే కావాల్సి వచ్చింది. సుబ్బారావు బృందం అమైనోప్టెరిన్‌ను, ఆ వెంటే మెథోట్రెక్సేట్‌ను అందించింది. అమైనోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. తాను తయారుచేయించిన మందు కీళ్లకూ పనికొస్తుందని ఆయనకు తెలియదు. 1951లో అమైనోప్టెరిన్ వాడిన కొందరు రోగుల్లో కీళ్ల వాపు తగ్గినట్టు అమెరికా వైద్యులు గమనించారు. తర్వాత మెథోట్రెక్సేట్‌పై పరీక్షలు జరిగి, 1988లో అక్కడ కీళ్లవాతానికి అనుమతి వచ్చింది.

అన్ని వాపులూ ఒకటి కావు

మణికట్టు వాచిందంటే కీళ్లవాతమే అనుకోనక్కర్లేదు. జారిపడి చెయ్యి ఆనించాక వాపు, బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే ఎముక చిట్లి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోయినా నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించాలి. పైభాగాన గుండ్రంగా, మెత్తగా లేచే గడ్డ తరచూ గ్యాంగ్లియన్ అయి ఉంటుంది. అది ప్రమాదకరం కాదు. పసిబిడ్డను ఎత్తుకునే తల్లుల్లో బొటనవేలి వైపు స్నాయువుల పొర వాస్తుంది. చికున్‌గున్యా తర్వాత వాపు నెలల తరబడి ఉండొచ్చు. ఉన్నట్టుండి ఒక్క మణికట్టే ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టి ఉండొచ్చు. రెండు చేతుల్లోనూ వాపు, పొద్దున అరగంటకు మించి బిగుసుకుపోవడం, ఇది ఆరు వారాలు దాటడం... ఇవి కీళ్లవాతాన్ని అనుమానించాల్సిన గుర్తులు. ఆలస్యమైతే కీలు అరిగి చెయ్యి వంకర తిరుగుతుంది. జరిగిన నష్టాన్ని మందులు వెనక్కి తేలేవు.

వారానికి ఒక్క రోజే!

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను వారంలో ఒకే రోజు వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఏ వారమో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. చదువురాని పెద్దవాళ్లకైతే ఇంట్లో ఒకరు ఆ రోజు గుర్తుపెట్టుకుని చేతికివ్వాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో మానేయొద్దు. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్త, కాలేయ పరీక్షలు చేయించాలి. మద్యం జోలికి పోవద్దు. గర్భిణులు, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. జ్వరం, నోటిపూత, ఆయాసం వస్తే తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే సంప్రదించాలి.

మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి వేరే రోజున మరో మాత్ర రాస్తారు. అది ఫోలిక్ యాసిడ్. ఈసారి మందుల షాపులో ఆ రెండు మందులూ తీసుకుంటున్నప్పుడు ఒక్కసారి గుర్తుచేసుకోండి. రెండూ ఆ భీమవరం బిడ్డ ప్రయోగశాల నుంచి వచ్చినవే.