సవరభాషా వ్యాకర్త గిడుగు రామమూర్తి పంతులు

ఐతరేయ బ్రాహ్మణంలోని శునఃశేపోపాఖ్యానం ఆంధ్రులను, శబరులను ఒకేచోట, విశ్వామిత్ర సంతతిగా పేర్కొన్నది. ఆంధ్రుల భాషకు శతాబ్దాల క్రితమే వ్యాకరణాలు వెలిశాయి. శబరులకు, అనగా నేటి సవరలకు, సమగ్రమైన వ్యాకరణం ఇరవయ్యో శతాబ్దిలో గాని లభించలేదు. దానిని రచించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రసమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించారు. ఆ పట్టణం తెలుగు, ఒడియా భాషల సంగమస్థానం. కాని సమీపారణ్యాలలోని సవరల మాట ఆ రెండింటికీ చెందినది కాదు. పొరుగువారి భాష తమకు అర్థం కాకపోవడం పంతులుగారిని ఆలోచింపజేసింది. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట నిలుపుకొని అతనివద్ద అభ్యసించారు. పిదప వారి పల్లెలలో సంచరించి పదాలను, పాటలను, కథలను సేకరించారు. ఆ సంచారాలలో మలేరియా సోకింది. సేవించిన క్వినైను మూలంగా వినికిడి శక్తి క్షీణించింది. అయినా పరిశ్రమ ఆగలేదు.

సవర ముండా కుటుంబానికి చెందిన భాష. దానికి కంఠంలో శ్వాసను నిరోధించి పలికే ధ్వని ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి సంకేతం లేదు. కర్మపదం క్రియలో లీనమై ఏకపదమవుతుంది. పాణిని రుధాదులకు విధించిన శ్నమ్ వలె ధాతుమధ్యంలో నిలిచే ప్రత్యయాలు కూడ ఉన్నవి. లిపి లేనంతమాత్రాన భాష నియమరహితం కాదని ఈ లక్షణాలు స్పష్టం చేస్తున్నవి.

పంతులుగారు సవర బాలురకు పాఠశాలలు నెలకొల్పి, వారి భాషలోనే వాచకాలు రచించారు. మద్రాసు ప్రభుత్వం వారి సవరభాషా వ్యాకరణాన్ని 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువును 1938లోను ప్రకటించింది.

వ్యావహారికోద్యమ నాయకులుగానే లోకం వారిని ఎరుగును. గ్రాంథికవాదులైన పండితులతో వారు చేసిన వాదం తీవ్రమైనది. కాని శబ్దవిషయంలో లోకమే ప్రమాణమన్న మహాభాష్య సిద్ధాంతానికి వారి మార్గం దూరమైనది కాదు. గ్రంథమే లేని సవరకు వ్యాకరణం రచించినవారికి జనుల నోటిమాట తప్ప వేరు ఆధారం ఎక్కడిది? తెలుగుకు కూడ వారు ఆ ప్రమాణాన్నే కోరారు.

1936లో పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రంలో చేరినపుడు, పంతులుగారు ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న పరమపదించారు. వారి కుమారులు సీతాపతిగారు సవరభాషా పరిశోధనను కొనసాగించారు.