నిండు నూఱేండ్ల నియమము

పదవీవిరమణ యనగానే మనలో పెక్కుమందికి పడకకుర్చీ జ్ఞప్తికి వచ్చును. ముప్పది యేండ్లు తరగతిగదిలో నిలువబడి పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు సైతము ఆ మరునాటినుండి నిలుచుటయే మానివేయును. నడక తగ్గును, భోజనము మాత్రము తగ్గదు. ఏడాది తిరుగకమునుపే మోకాళ్ల నొప్పులు, రక్తపోటు, మధుమేహము నిత్యసంభాషణకు విషయములగును. ఇది వయస్సు తెచ్చిన అనివార్యమని మనము సరిపెట్టుకొందుము. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియవలెనన్న, ప్రభుత్వ కొలువు విడిచిన పిదప అర్ధశతాబ్దికి పైగా జీవించి, ఆ కాలమంతయు పనిలోనే గడపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చరిత్రను పరిశీలింపవలెను.

విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సంస్థానములోని ముద్దేనహళ్లి గ్రామమున జన్మించిరి. వారి పూర్వులు మన గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమువారు. ఇంటిపేరులో ఆ ఊరు నేటికిని నిలిచియున్నది. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పుచు, ఆ సంపాదనతో తాము చదివికొని, 1881లో పట్టభద్రులైరి. పిదప పూనాలో ఇంజనీరింగు విద్య పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో చేరిరి. వారిది కండలు తిరిగిన దేహము కాదు. చూచుటకు బక్కపలుచని మనిషి. వ్యాయామమనగా మల్లయుద్ధమే యనుకొను విద్యార్థులు ఈ సంగతి గమనింపవలెను.

సింధునది ఒడ్డున సుక్కూరు పట్టణమునకు పరిశుభ్రమైన నీరు అందించుట, 1903లో పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు తామే రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్చుట, 1906లో ఏడెన్ నగరపు నీటి సరఫరాకు పథకము సిద్ధపఱచుట వారి తొలి ఘనకార్యములు. 1908లో, నలువదియేడవ యేట, ఆ కొలువు విడిచిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలాదిమంది మరణించిరి. నిజాము ప్రభుత్వము కోరగా విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నదిని, దాని పరీవాహక ప్రాంతమును పరిశీలించి, నగరమునకు ఎగువన జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరము, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరము ఆ సూచనకు ఫలములు.

1909లో మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగా, 1912 నుండి 1918 వఱకు దివానుగా వారు చేసిన సేవ లోకవిదితమే. దివాను పదవి విడుచునప్పటికి వారి వయస్సు 57. మనలో అనేకులు ఇక చాలునని కూర్చుండు వయస్సది. వారికి అప్పటికింకను నలువది మూడేండ్ల పని మిగిలియుండెను.

ఆ శక్తి ఎట్లు నిలిచినది? అందులో రహస్యమేమియు లేదు. ప్రతిదినము నడక, మితాహారము, వేళకు భోజనము, వేళకు నిద్ర, మద్యపానమునకు పొగాకునకు దూరము: ఇంతయే. ఈ నియమములు మనకు తెలియనివి కావు, తెలిసియు పాటింపనివి. వారు గడియారమును ఎట్లు గౌరవించిరో కడుపును అట్లే గౌరవించిరి. పండుగ వచ్చినదని అతిగా భుజింపలేదు, పని పెరిగినదని నడక మానలేదు. వేషధారణలోను ఆ క్రమమే. వృద్ధాప్యమునందు సైతము చక్కగా కోటు తొడిగి, తలపాగా ధరించియే అతిథులకు దర్శనమిచ్చెడివారు.

ఆ క్రమశిక్షణ ఫలితము సంవత్సరములలో కానవచ్చును. 1934లో, డెబ్బదిమూడవ యేట, భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసిరి. 1941లో, ఎనుబదవ యేట, అఖిలభారత పారిశ్రామిక ఉత్పత్తిదారుల సంస్థను స్థాపించిరి. 1946లో పారిశ్రామికుల బృందముతో అమెరికా, ఐరోపా పర్యటించి వచ్చిరి. 1951లో ప్రకటించిన ఆత్మకథకు జీవితస్మృతులని గాక, తమ పని చేసిన జీవితపు స్మృతులని పేరుపెట్టిరి. తొంబదేండ్లు దాటిన పిమ్మట బీహారునకు పోయి, మొకామావద్ద గంగానదిపై వంతెన ఎచ్చట కట్టదగునో పరిశీలించిరి. ఆ వంతెన 1959లో ప్రారంభమైనది. 1955లో భారతరత్న బిరుదము లభించెను. 1962 ఏప్రిలులో బెంగుళూరున నూఱేండ్లు నిండిన ఆ జీవితము ముగిసినది.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ఒకరి దీర్ఘాయువును చూపి, ఇట్లు చేసినవారందఱు శతాయుష్కులగుదురనుట శాస్త్రము కాదు. వంశలక్షణము, అదృష్టము కూడ ఉండును. 20వ శతాబ్ది తొలినాళ్లలో భారతీయుని సగటు ఆయుఃప్రమాణము 25 ఏండ్లైనను లేదు. అందుకు కారణము ప్రజలు నడవకపోవుట కాదు. కలుషితమైన నీరు, అంటువ్యాధులు, కఱవులు. తన దేహమును తాను కాపాడుకొనుట వ్యక్తి ధర్మము, ఊరికి మంచినీరు ఇచ్చుట సమాజధర్మము. విశ్వేశ్వరయ్యగారు రెండును నెఱవేర్చిరి. వారి గొప్పతనము అందున్నది.

అయినను, వారి నియమములను నేటి వైద్యశాస్త్రము సమర్థించుచునే యున్నది. ముప్పదియేండ్లు దాటినది మొదలు ప్రతి దశాబ్దమునకు కండరముల పరిమాణము నూటికి 3 నుండి 8 వంతుల వఱకు తఱుగుచుండును. అఱువది దాటిన పిదప ఆ తఱుగుదల వేగమగును. అందుకే 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 నుండి 300 నిమిషములు నడకవంటి శ్రమ చేయవలెననియు, కనీసము రెండు దినములు కండరములకు బలము చేకూర్చు వ్యాయామమును, పడిపోకుండుటకై మూడు దినములు తూలక నిలుచు అభ్యాసమును చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 150 నిమిషములనగా వారమున ఐదు దినములు, దినమునకు అఱగంట. ఆహారమున అన్నము కొంత తగ్గించి, పప్పు, కూరలు, మజ్జిగ, పండ్లు పెంచుట మన ఇండ్లలో కష్టమైన పని కాదు. మధుమేహము, హృద్రోగము ఉన్నవారు వైద్యుని సలహాతో మొదలిడుట మేలు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటి. పదవీవిరమణ పత్రము అందుకొనునాటికి మన శరీరము ఎట్లుండునో, నేటి సాయంకాలము మనమేమి చేయుదుమో దానిపై కొంత ఆధారపడియున్నది. విద్యార్థులారా, ముదిమికి వలసిన బలమును యౌవనముననే కూడబెట్టవలెను. ఆయుష్షును కొలుచుటకు సంవత్సరములు చాలవు. ఆ సంవత్సరములలో మనము ఇతరులకు ఎంతవఱకు పనికివచ్చితిమో అదియు లెక్కకు రావలెను. గండిపేట చెఱువు గట్టుపై నడచునపుడు ఆ బక్కపలుచని మనిషిని ఒక్కమాఱు తలచికొనుడు.