యాభై అడుగుల నాయిక ఆలిసన్ హేస్: తెర వెనుక సీసపు విషంతో పోరు

రహదారికి చెరోవైపు కాలు మోపి, కారును ఆటబొమ్మలా పైకెత్తిన మహాకాయురాలు. 1958 నాటి హాలీవుడ్ చిత్రం ‘అటాక్ ఆఫ్ ది 50 ఫుట్ వుమన్’ పోస్టర్ ఇది. నిజానికి చిత్రంలో ఈ దృశ్యమే లేదు! అయినా నాయిక ఆలిసన్ హేస్ పేరు నేటికీ నిలిచింది ప్రధానంగా దీనివల్లనే.

1930లో వెస్ట్ వర్జీనియాలో జన్మించిన హేస్, 1949 మిస్ అమెరికా పోటీల్లో వాషింగ్టన్ డీసీకి ప్రాతినిధ్యం వహించారు. 1954లో యూనివర్సల్ సంస్థ ద్వారా చిత్రసీమలో ప్రవేశించినా పెద్ద పాత్రలు దక్కలేదు. రోజర్ కోర్మన్ వంటివారి స్వల్ప వ్యయ చిత్రాలే ఆధారమయ్యాయి. ఆయన తీసిన ‘గన్‌స్లింగర్’ చిత్రీకరణలో గుర్రంపై నుంచి పడి ఆమె చేయి విరిగింది. టెలివిజన్‌లో ‘పెర్రీ మేసన్’, ‘జనరల్ హాస్పిటల్’ ధారావాహికల్లో కనిపించారు.

1960లలో తీవ్రమైన నొప్పులు ఆమెను కుంగదీశాయి. క్రమంగా నడక కష్టమైంది, అవకాశాలు సన్నగిల్లాయి. వైద్యులు కారణం తేల్చలేకపోయారు. యాభై అడుగుల చిత్రంలోనూ నాయిక మాటను ఎవరూ నమ్మరు. ఆమెను మతిచలించిన మనిషిగా చూస్తారు.

లోహ విషాలకు గురైన కార్మికుల గురించి చదివిన హేస్, తన లక్షణాలను అందులో గుర్తించారు. వైద్యుని సలహాపై వాడుతున్న కాల్షియం మందును స్వయంగా పరీక్ష చేయించారు. గుర్రపు ఎముకలతో తయారైన, విదేశం నుంచి దిగుమతైన ఆ మందులో సీసం అధికంగా ఉన్నట్లు తేలింది. దాని దిగుమతిని నిషేధించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థను కోరుతూ పోరాడారు.

రక్త క్యాన్సర్‌తో 1977 ఫిబ్రవరి 27న, 46వ ఏట కన్నుమూశారు. దిగుమతి నిబంధనలను సవరిస్తున్నట్లు తెలిపే ఆ సంస్థ లేఖ ఆమె మరణానంతరమే చేరింది.