జాన్ జోసెఫ్ మెర్లిన్

జాన్ జోసెఫ్ మెర్లిన్ (సెప్టెంబరు 17, 1735 - మే 1803) 18వ శతాబ్దానికి చెందిన ప్రసిద్ధ యంత్ర నిర్మాత. గడియారాలు, సంగీత వాద్యాలు, మరబొమ్మలు తయారుచేసి లండనులో పేరుగాంచాడు. చక్రాల స్కేట్లను రూపొందించినవారిలో పేరు తెలిసిన తొలి వ్యక్తిగా ఇతడిని పేర్కొంటారు.

జీవిత విశేషాలు

మెర్లిన్ నేటి బెల్జియం దేశంలోని హుయ్ పట్టణంలో జన్మించాడు. కొంతకాలం పారిస్‌లో పనిచేసి, 1760లో స్పెయిన్ రాయబారి పరివారంతో లండను చేరాడు. అక్కడ జేమ్స్ కాక్స్ వద్ద పనిచేస్తూ ప్రసిద్ధమైన వెండి హంస నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. ఈ హంస ఇంగ్లాండులోని బోవ్స్ మ్యూజియంలో ఉన్నది. 1774లో హార్ప్సికార్డు, పియానోలను కలిపిన వాద్యానికి పేటెంటు పొందాడు. కూర్చున్నవారే చేతులతో నడుపుకొనగల చక్రాల కుర్చీని కూడా తయారుచేశాడు.

చక్రాల స్కేట్లు

మెర్లిన్ చిన్న లోహపు చక్రాలు గల స్కేట్లు తయారుచేశాడు. సోహో స్క్వేర్‌లోని కార్లైల్ హౌస్‌లో జరిగిన ఒక విందుకు వాటిని ధరించి, వయొలిన్ వాయిస్తూ ప్రవేశించాడు. వేగాన్ని తగ్గించుకొనే వీలుగాని, దిశ మార్చుకొనే వీలుగాని లేక 500 పౌండ్లకు పైగా విలువైన నిలువుటద్దాన్ని ఢీకొన్నాడు. అద్దం, వయొలిన్ పగిలిపోగా, అతడు తీవ్రంగా గాయపడ్డాడు. ఈ సంఘటనను సంగీతజ్ఞుడు థామస్ బస్బీ తన గ్రంథంలో నమోదు చేశాడు.

చక్రాల అమరిక - తరువాతి మార్పులు

మెర్లిన్ ఎదుర్కొన్న సమస్య చక్రాల అమరికకు సంబంధించినది. ఒకే వరుసలోని చక్రాలన్నీ సమాన ఎత్తులో నేలను తాకితే స్కేటు తిన్నగా, నిలకడగా సాగుతుంది, కాని మలుపు తిరగడం కష్టమవుతుంది. 1823లో లండనుకు చెందిన రాబర్ట్ జాన్ టయర్స్ ఐదు చక్రాల స్కేటుకు పేటెంటు పొందాడు. అందులో మధ్య చక్రం మిగిలినవాటికంటే కిందికి ఉండడంతో దానిపై బరువు మోపి తిరగడం సాధ్యమైంది. 1863లో అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ రెండు జతల చక్రాలకు రబ్బరు దిండ్లు అమర్చి, శరీరం వంచిన వైపు స్కేటు తిరిగేట్లు చేశాడు. 1980 ప్రాంతంలో ఓల్సన్ సోదరులు ఒకే వరుస చక్రాల పద్ధతిని తిరిగి ప్రాచుర్యంలోకి తెచ్చారు.

టయర్స్ సూత్రాన్ని నేటి స్కేటర్లు కూడా వాడుతున్నారు. నాలుగు చక్రాల స్కేటులో ముందు, వెనుక 76 మిల్లీమీటర్ల చక్రాలు, మధ్యలో 80 మిల్లీమీటర్ల చక్రాలు బిగిస్తే మధ్య చక్రాలు 2 మిల్లీమీటర్లు కిందికి ఉంటాయి. దీనిని రాకరింగ్ అంటారు. విన్యాసాలకు ఇది అనుకూలం, అధిక వేగంలో మాత్రం నిలకడ తగ్గుతుంది. అందువలన వేగపు పోటీలలో సమాన చక్రాలనే వాడతారు.

చివరి రోజులు

మెర్లిన్ లండనులోని హానోవర్ స్క్వేర్ సమీపాన తన యంత్రాలతో ఒక ప్రదర్శనశాల నడిపాడు. బాలుడిగా దానిని చూసిన ఛార్లెస్ బాబేజ్, తరువాత 1834లో అక్కడి వెండి నర్తకి బొమ్మను వేలంలో కొని బాగుచేశాడు. ప్రఖ్యాత చిత్రకారుడు గెయిన్స్‌బరో 1781లో మెర్లిన్ చిత్రపటాన్ని గీశాడు. మెర్లిన్ 1803 మే నెలలో లండనులోని పాడింగ్టన్‌లో మరణించాడు.