సీసాలో పంట పండించిన జూలియస్ సాక్స్

ఈసారి మన గోడపత్రికలో ఒక శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను.

ఎర్రగడ్డను నీళ్ల సీసా మూతి మీద కూర్చోబెడితే కొన్ని రోజులకే తెల్లటి వేళ్లు దిగడం మనమందరం చూసిందే. తర్వాత పచ్చగా ఆకులు కూడా వస్తాయి. కానీ కొన్నాళ్లకు అది వాడిపోతుంది. గడ్డలో దాచుకున్న తిండి అయిపోయాక ఉత్త నీళ్లతో బతకలేదు కదా! మరి ఆ నీళ్లలో ఏం కలిపితే మొక్క బతికి, గింజ పట్టేదాకా వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టినవారిలో ముఖ్యుడు జూలియస్ సాక్స్.

ఆయన 1832 అక్టోబర్ 2న బ్రెస్లావ్ నగరంలో జన్మించాడు. అప్పుడది ప్రష్యా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్ దేశంలో ఉంది. తండ్రి బొమ్మలు చెక్కి అచ్చువేసే పనివాడు. ఇంట్లో పేదరికం. తండ్రి దగ్గరే సాక్స్ బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. చెట్టును, ఆకును, పువ్వును ఉన్నది ఉన్నట్టు గీయాలంటే బాగా చూడాలి. ఆ చూపే తర్వాత ఆయనకు అన్నం పెట్టింది.

పదిహేడేళ్లు దాటకముందే తండ్రీ తల్లీ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. చదువు ఆగిపోయింది. మన హాస్టల్లో కూడా అమ్మానాన్న లేని తమ్ముళ్లు ఉన్నారు. ఆ కష్టం ఎట్లుంటుందో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అప్పుడు పుర్కిన్యే అనే పెద్ద శాస్త్రవేత్త ఆదుకున్నాడు. ఆయన పిల్లలు సాక్స్‌కు చిన్ననాటి స్నేహితులు. పుర్కిన్యే ప్రాగ్ నగరంలో ప్రొఫెసర్‌గా చేరాక సాక్స్‌ను అక్కడికి పిలిపించుకుని, బొమ్మలు గీసే సహాయకుడిగా పెట్టుకున్నాడు. పగలంతా ఆయన పని, మిగిలిన టైములో సొంత చదువు. అట్లా చదివి 1856లో డాక్టరేట్ సంపాదించాడు.

ఆ కాలంలో చాలామంది మొక్క మట్టిలోని కుళ్లిన ఆకును, పేడను తిని పెరుగుతుందని నమ్మేవారు. 1840లో లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అది కాదనీ, మొక్కకు నేల నుంచి కావలసింది ఖనిజ లవణాలేననీ వాదించాడు. వాదన సరే, దాన్ని కళ్లతో చూసేదెట్లా? మట్టిలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందుకని సాక్స్ మట్టినే పక్కన పెట్టేశాడు.

ఆయన చేసిన పని ఇదీ. తడి రంపపు పొట్టులో గింజ మొలకెత్తించాడు. మొలక వేళ్లు శుభ్రంగా కడిగాడు. గాజు సీసాకు బెరడు బిరడా బిగించి, దానికి చేసిన రంధ్రంలోంచి వేళ్లను నీళ్లలోకి దించాడు. వెలుతురు తగిలితే నీళ్లలో నాచు పడుతుంది కాబట్టి సీసా చుట్టూ కప్పి చీకటి చేశాడు. నీళ్లలో కలిపినవి మనకు తెలిసిన సరుకులే: సురేకారం, జిప్సం, భేది ఉప్పు, ఎముకల్లో ఉండే కాల్షియం ఫాస్ఫేట్, కాస్త మామూలు ఉప్పు, చిటికెడు ఇనుప లవణం. అన్నీ కలిపినా లీటరుకు రెండు మూడు గ్రాములే. ఆ నీళ్లతోనే మొక్కలు పెరిగి గింజలు పట్టాయి. ఆ గింజలు మళ్లీ మొలకెత్తగలిగాయి. 1860లో ఈ సంగతి ప్రచురించాడు. అదే కాలంలో క్నోప్ అనే మరో శాస్త్రవేత్త కూడా ఇదే సాధించాడు. 1937లో అమెరికాలో గెరికే ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అనే పేరు వాడుకలోకి తెచ్చాడు.

సాక్స్ ఒక్కొక్క లవణం తీసేసి కూడా చూశాడు. ఇనుము లేని సీసాలో మొక్కజొన్నకు మొదటి ఆకులు పచ్చగానే వచ్చాయి. తర్వాతవి తెల్లగా పాలిపోయాయి. కొన్ని చుక్కల ఇనుప లవణం వేస్తే రెండు మూడు రోజుల్లో పచ్చబడ్డాయి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చెనిక్కాయ చేను లేత ఆకులు పసుపెక్కితే నాయన వాళ్లు అన్నభేది పిచికారీ చేస్తారు కదా, ఆ అన్నభేది ఇనుప లవణమే! సీసాలో తేలిన నిజమే మన చేనుకూ మందయింది.

అయితే మొక్క ఒళ్లంతా ఈ ఉప్పులే అనుకోకూడదు. ఆకుకు నల్ల కాగితం చుట్టి, తర్వాత అయోడిన్ వేసి చూసే ప్రయోగం మనం చదువుకున్నాం. వెలుతురులో ఆకు పిండిపదార్థం తయారు చేస్తుందని 1860ల్లో అట్లా చూపినవాడు కూడా సాక్సే. గాలి, నీరు, వెలుతురు, కొద్దిగా ఉప్పులు, ఇవీ మొక్క భోజనం.

1868లో ఆయన వూర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆ ఏడే వచ్చిన ఆయన వృక్షశాస్త్ర పుస్తకం బొమ్మలతో సహా చాలా పేరు తెచ్చుకుంది. ఎక్కడెక్కడి నుంచో శిష్యులు వచ్చారు.

ఆయనలో ఒక లోపం కూడా ఉండింది. చార్లెస్ డార్విన్ తన ఇంట్లోనే ప్రయోగాలు చేసి, వేరు కొన తీసేస్తే వేరు కిందికి వంగదని 1880లో రాశాడు. సాక్స్ అది సరిగ్గా చేయని ప్రయోగమని తీసిపారేశాడు. చివరికి డార్విన్ చెప్పిందే నిజమని తేలింది. సీసాలతో అంత సాధించిన మనిషే ఇంట్లో చేసిన ప్రయోగాన్ని చులకన చేయడం మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఎంత పెద్దవాడైనా పొరబడతాడు.

చివరి ఏళ్లలో ఆరోగ్యం దెబ్బతిన్నా పని మానలేదు. 1897 మే 29న వూర్జ్‌బుర్గ్‌లో కన్నుమూశాడు.

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్లకు సెంటు నేల లేదు. ఉన్నవాళ్లకు వాన లేదు. కానీ ఒక పాత బకెట్టు, రంధ్రాలు చేసిన థర్మాకోల్ మూత, కొబ్బరి పొట్టులో మొలిచిన పాలకూర నారు ఉంటే చాలు, సాక్స్ చేసిన పని మనమూ చేయొచ్చు. వేళ్లు సగం నీళ్లలో, సగం గాలిలో ఉండాలి. బకెట్టుకు గోనెపట్టా చుట్టాలి. వారానికోసారి మందు నీళ్లు మార్చాలి. ఉత్త యూరియా వేస్తే సరిపోదు, ఎక్కువైతే మొక్క మాడిపోతుంది. ఉప్పులు మాత్రం సైన్సు సారు దగ్గరుండగానే కలపాలి.

వార్డెన్ సార్లు అనుమతిస్తే వంటగది వెనక ఎండ తగిలే చోట రెండు బకెట్లు పెడదాం. ఒకదాంట్లో ఇనుము వేద్దాం, ఒకదాంట్లో వద్దు. రోజూ చూసి బొమ్మ గీద్దాం. వచ్చే సంచికలో ఆ బొమ్మలే అంటిద్దాం.