జాన్ వాకర్ (వర్తకుడు)

జాన్ వాకర్ (జూలై 25, 1805 - అక్టోబరు 19, 1857) స్కాట్లండు దేశానికి చెందిన కిరాణా వర్తకుడు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన "జానీ వాకర్" విస్కీకి ఇతని పేరే మూలం. అయితే ఇతడు విస్కీని కాచిన వాడు కాదు. పలు బట్టీలలో తయారైన సరుకును కొని, తన అంగడిలో తన పూచీపై అమ్మిన చిల్లర వర్తకుడు. నేడు బ్రిటన్ సూపర్‌మార్కెట్లు తమ సొంత పేరుతో చవకగా అమ్మే సింగిల్ మాల్ట్ విస్కీల నాణ్యతను గురించి చర్చ వచ్చినపుడు, ఈ పద్ధతికి తొలి రూపాలలో ఒకటిగా ఇతని జీవితాన్ని చెప్పుకోవచ్చును.

బాల్యం

జాన్ వాకర్ స్కాట్లండు నైరుతి భాగమైన ఎయిర్‌షైర్‌లో, కిల్మార్నాక్ పట్టణ సమీపాన గల టాడ్రిగ్స్ అనే వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ వాకర్ రైతు. 1819లో తండ్రి మరణించేనాటికి జాన్ పద్నాలుగేళ్ళ బాలుడు. సేద్యం సాగించగల వయసు కాకపోవడంతో, ఆస్తి వ్యవహారాలు చూసే ధర్మకర్తలు వ్యవసాయ సామగ్రిని అమ్మివేశారు. వచ్చిన సొమ్ములో 417 పౌన్లు పెట్టి 1820లో కిల్మార్నాక్ హై స్ట్రీట్‌లో ఒక దుకాణం ఏర్పాటు చేశారు. కుటుంబానికి మిగిలిన ఆస్తిలో ఎక్కువ భాగం పదిహేనేళ్ళ కుర్రవాని వ్యాపారంలోకి వెళ్ళింది. అది దెబ్బతింటే వెనుక ఆదుకునే పొలం లేదు.

దుకాణం

కిల్మార్నాక్ అప్పటికే తివాచీలు, టోపీలు, పాదరక్షల తయారీకి పేరుపొందిన పట్టణం. జాన్ దుకాణంలో తేయాకు, సుగంధ ద్రవ్యాలు, ద్రాక్షసారా, రమ్ము, విస్కీ మొదలైనవి అమ్మేవారు. ఇతడు మద్యం ముట్టేవాడు కాదని ఒక ప్రచారం ఉంది. 1833లో ఇతనికి ఎలిజబెత్ పర్వ్స్‌తో వివాహమైంది. వీరి సంతానంలో 1837లో జన్మించిన అలెగ్జాండర్ తరువాతి కాలంలో వ్యాపారానికి వారసుడయ్యాడు.

ఆ కాలపు విస్కీ

1823కు ముందు స్కాట్లండులో పన్నుల భారం వలన దొంగసారా విపరీతంగా తయారయ్యేది. ఆ సంవత్సరం వచ్చిన ఎక్సైజు చట్టం సుంకాన్ని సగానికి పైగా తగ్గించి, 10 పౌన్ల రుసుముతో లైసెన్సు పొందే వీలు కల్పించింది. దీనితో చట్టబద్ధమైన బట్టీలు పెరిగాయి, అంగళ్ళకు సరుకు బాగా అందుబాటులోకి వచ్చింది.

నాణ్యత మాత్రం నిలకడగా ఉండేది కాదు. మొలకెత్తించిన బార్లీని పులియబెట్టి, రాగి పాత్రలలో బట్టీపట్టి తీసే మాల్ట్ విస్కీ రుచి ఎన్నో కారణాల వలన మారుతుంది. మొలకలను ఆరబెట్టడానికి ఎంత పీట్ పొగ వేశారు, బట్టీ నుండి వచ్చే ధారలో ఏ భాగాన్ని ఉంచుకున్నారు, పీపాలో అంతకుముందు ఏమి నింపారు, ఎన్నాళ్ళు నిల్వ ఉంచారు అన్నవి ముఖ్యమైనవి. ఒకే బట్టీ నుండి వచ్చిన రెండు పీపాలైనా ఒకే విధంగా ఉంటాయనే హామీ లేదు. పైగా వయసుకు సంబంధించిన చట్టం అప్పటికి లేనందున, పీపాలో ఊరని పచ్చి సరుకు కూడా అమ్ముడయ్యేది.

కొనుగోలుదారునికి బట్టీ ఎక్కడిదో తెలియదు. ఎదురుగా కనిపించేది అంగడి యజమాని ఒక్కడే. ఈ నెల సరుకు బాగుండి వచ్చే నెల బాగుండకపోతే, పోయేది బట్టీ పేరు కాదు, అంగడి పేరు. ఇందుకు పరిష్కారంగా జాన్ వేర్వేరు మాల్ట్ విస్కీలను కలిపి, ఎప్పుడు కొన్నా ఇంచుమించు ఒకే రుచి ఉండేలా చూశాడని సంస్థ చరిత్ర చెబుతుంది. వివిధ తోటల తేయాకును కలిపి ఒకే రుచి రప్పించడం కిరాణా వర్తకులకు తెలిసిన విద్యే కనుక, విస్కీ మిశ్రమానికి అదే దారి చూపిందంటారు. ఇతని సరుకు "వాకర్స్ కిల్మార్నాక్ విస్కీ"గా ఆ ప్రాంతంలో పేరు తెచ్చుకుంది.

1843లో కిల్మార్నాక్‌కు రైలుమార్గం రావడం, 1845లో గాజుపై సుంకం రద్దు కావడం ఇటువంటి వ్యాపారాలకు కలిసివచ్చిన అంశాలు.

1852 వరద

1852లో వచ్చిన వరద కిల్మార్నాక్‌ను ముంచెత్తింది. జాన్ దుకాణంలోని సరుకు నాశనమైంది. ముప్పై రెండేళ్ళ కష్టం నీటిపాలైనా ఇతడు వ్యాపారాన్ని మళ్ళీ నిలబెట్టాడు. సరుకు పోయినా ఊరిలో సంపాదించుకున్న నమ్మకం మిగిలింది. ఐదేళ్ళ తరువాత, 1857లో, 52 ఏళ్ళ వయసులో మరణించాడు. అప్పటికి దుకాణం ఆదాయంలో విస్కీ వాటా కేవలం 8 శాతం.

వారసులు

తండ్రి మరణించేనాటికి అలెగ్జాండర్ ఇరవై ఏళ్ళ యువకుడు. 1860లో వచ్చిన స్పిరిట్స్ చట్టం, సుంకం చెల్లించక ముందే గిడ్డంగిలో మాల్ట్ విస్కీని ధాన్యపు విస్కీతో కలపడానికి అనుమతించింది. 1830లో పేటెంటు పొందిన ఈనియాస్ కాఫీ యంత్రం వలన ధాన్యపు విస్కీ చవకగా తయారయ్యేది. అలెగ్జాండర్ ఈ అవకాశాన్ని అందిపుచ్చుకుని "ఓల్డ్ హైలాండ్ విస్కీ"ని ప్రవేశపెట్టి, ఓడల ద్వారా ఎగుమతి చేశాడు. చదరపు సీసా, ఏటవాలు లేబులు ఇతని కాలపువే. 1889లో ఇతడు మరణించిన తరువాత, 1893లో సంస్థ కార్డూ బట్టీని కొనుగోలు చేసింది. 1908లో చిత్రకారుడు టామ్ బ్రౌన్ నడుస్తున్న మనిషి బొమ్మను గీశాడు. జాన్ జీవితకాలంలో "జానీ వాకర్" పేరుతో ఏ సీసా లేదు.

నేటి అంగడి విస్కీలతో పోలిక

జాన్ కాలంలో అంగడివాని మాట చేసిన పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు చట్టం చేస్తున్నది. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం సింగిల్ మాల్ట్ అనే పేరు పెట్టాలంటే:

* ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో, పాట్ స్టిల్ అనే పాత్రలో తయారు కావాలి.
* 700 లీటర్లకు మించని ఓక్ పీపాలలో స్కాట్లండులోనే కనీసం 3 సంవత్సరాలు నిల్వ ఉండాలి.
* సీసాలో కనీసం 40 శాతం ఆల్కహాలు ఉండాలి.
* వయసు ముద్రిస్తే, అందులోని అతి పిన్న విస్కీ వయసునే ముద్రించాలి.

సూపర్‌మార్కెట్ సొంత పేరుతో అమ్మే చవక సీసాకు, ఖరీదైన సీసాకు ఈ నిబంధనలు సమానమే. చవక సీసాపై తరచుగా బట్టీ పేరు ఉండదు, వయసు తక్కువగా ఉంటుంది, ఆల్కహాలు కనీస పరిమితి వద్దే ఉంటుంది. ప్రకటనల ఖర్చు లేకపోవడం కూడా ధర తగ్గడానికి ఒక కారణం. కనుక తక్కువ ధర చూసి సరుకు కల్తీదని భావించనవసరం లేదు. అలాగని ఈసారి కొన్న సీసా రుచే వచ్చేసారీ ఉంటుందని చట్టం హామీ ఇవ్వదు. ఆ హామీ ఇవ్వవలసినది అంగడి మాత్రమే. జాన్ వాకర్ సంపాదించిన పేరు ఆ హామీ మీద నిలిచినదే.

విశేషాలు

* జాన్ అమ్మినది పలు మాల్టుల మిశ్రమం కనుక నేటి నిర్వచనం ప్రకారం అది సింగిల్ మాల్ట్ కాదు. 2009 నిబంధనలలో ఇటువంటి దానిని బ్లెండెడ్ మాల్ట్ అన్నారు.
* కిల్మార్నాక్‌లోని సంస్థ కర్మాగారం 2012లో మూతపడింది. దానితో ఆ పట్టణానికి, వాకర్ విస్కీకి గల సుదీర్ఘమైన అనుబంధం ముగిసింది.