మాటు కాచిన చరిత్ర విద్యార్థిని

యుద్ధమనగానే ఫిరంగుల మోత, సైన్యాల కోలాహలం మనసులో మెదలుతాయి. కాని నిశ్శబ్దాన్నే ఆశ్రయించి పోరాడే సైనికులు కూడా యుద్ధభూమిలో ఉంటారు. దూరాన మాటువేసి, ఒకే తూటాతో లక్ష్యాన్ని ఛేదించే ఈ సైనికులను స్నైపర్లు అంటారు. వేలి చురుకుదనం కంటె, గంటల తరబడి కదలక మెదలక ఉండగల ఓర్పే వీరి విద్యకు ప్రాణం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ విద్యలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన మహిళ ల్యుడ్మిలా పావ్లిచెంకో.

ల్యుడ్మిలా 1916 జూలై 12న ఉక్రెయిన్‌లోని బీలా త్సెర్క్వా పట్టణంలో జన్మించింది. యుక్తవయసులో కుటుంబంతో కీవ్ నగరానికి చేరి, ఆర్సెనల్ కర్మాగారంలో లేత్ యంత్రంపై పనిచేసింది. ఒకనాడు పొరుగింటి అబ్బాయి తన గురిని గూర్చి గొప్పలు చెప్పుకోగా విన్నది. ఆడపిల్ల కూడా అంతటి పని చేయగలదని నిరూపించాలనే పట్టుదలతో తుపాకి శిక్షణ కేంద్రంలో చేరి, నిపుణురాలిగా యోగ్యతాపత్రం పొందింది. 1937లో కీవ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థినిగా ప్రవేశించింది. అధ్యాపకురాలు కావాలన్నది ఆమె కోరిక.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తింది. ల్యుడ్మిలా చదువు విడిచి సైన్యంలో చేరడానికి వెళ్ళింది. అధికారులు ఆమెను నర్సుగా పనిచేయమన్నారు. ఆమె అంగీకరించక, తాను పొందిన శిక్షణను చూపించి 25వ పదాతి డివిజన్‌లో స్థానం సంపాదించింది. మొదట ఒడెస్సా రేవుపట్టణ రక్షణలోనూ, ఆ పట్టణాన్ని విడువవలసి వచ్చిన తరువాత క్రిమియాలోని సెవాస్తోపోల్ ముట్టడిలోనూ పోరాడింది.

స్నైపరు దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. చీకటి ఉండగానే శత్రువుల కందకాలకు ఎదురుగా ఒక పొదనో, శిథిలమైన గోడనో చూసుకొని మాటువేయాలి. ఆకులు, కొమ్మలు, గుడ్డపేలికలు దుస్తులకు కట్టుకొని పరిసరాలలో కలిసిపోవాలి. ఎండ ఎదురుగా పడితే తుపాకికి అమర్చిన దుర్భిణి అద్దం తళుక్కుమంటుంది. ఆ ఒక్క మెరుపు చాలు, ప్రాణం పోవడానికి. లక్ష్యం ఎంత దూరంలో ఉన్నదో అంచనా వేయాలి. వీచే గాలి తూటాను ఎంత పక్కకు నెడుతుందో లెక్కగట్టాలి. ఊపిరి నిలిపి, చేయి వణకకుండా మెల్లగా ట్రిగ్గరు నొక్కాలి. కాల్చిన తరువాత అక్కడే ఉండిపోతే శత్రువు మోర్టారు గుండ్లు కురిపిస్తాడు. కనుక వెంటనే మరొక చోటికి పాకిపోవాలి. స్నైపర్లు తరచుగా ఇద్దరేసి వెళ్ళేవారు. ఒకరు దుర్భిణితో పరిసరాలను గమనిస్తుంటే, రెండవవారు గురిచూసేవారు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది శత్రు స్నైపరుతో పోరాటం. కర్రకు శిరస్త్రాణం తగిలించి చూపడం, సైనికుని వేషం వేసిన బొమ్మను నిలబెట్టడం వంటి ఉపాయాలతో ఒకరినొకరు బయటికి రప్పించడానికి ప్రయత్నించేవారు. తొందరపడినవారు ఓడిపోయేవారు. అటువంటి ఒక పోరు మూడు రోజులు సాగిందని ల్యుడ్మిలా తరువాత తెలియజేసింది. సోవియట్ లెక్కల ప్రకారం ఆమె గురికి నేలకొరిగినవారు 309 మంది. వారిలో 36 మంది స్నైపర్లు. ఈ సంఖ్య విషయంలో తరువాతి చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి.

ఈ కీర్తికి ఆమె చెల్లించిన మూల్యం తక్కువైనది కాదు. పలుమార్లు గాయపడింది. సహచర సైనికుడైన భర్త అలెక్సీ కిత్సెంకోను సెవాస్తోపోల్‌లోనే కోల్పోయింది. 1942 జూన్‌లో గుండు ముక్కలు ముఖానికి తగలడంతో ఆమెను జలాంతర్గామిలో అక్కడినుండి తరలించారు. కొద్ది రోజులకే ఆ నగరం శత్రువశమైంది.

అదే ఏడాది సోవియట్ ప్రభుత్వం ఆమెను అమెరికా పంపింది. పశ్చిమ ఐరోపాలో రెండవ యుద్ధరంగాన్ని తెరిపించడానికి అక్కడి ప్రజల మద్దతు కూడగట్టడం ఆ పర్యటన ఉద్దేశం. శ్వేతసౌధంలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమెకు స్వాగతం పలికాడు. ఆయన సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆమెను వివిధ నగరాలకు తీసుకువెళ్ళింది. పత్రికా విలేఖరులు కొందరు యుద్ధాన్ని విడిచి ఆమె దుస్తులను గురించి, అలంకరణను గురించి ప్రశ్నించారు. చికాగో సభలో ఆమె తన వయసు పాతికేళ్ళేనని, అప్పటికే 309 మంది శత్రువులను హతమార్చానని చెప్పి, అక్కడి పురుషులు ఇంకెంతకాలం తన వెనుక దాగి ఉంటారని నిలదీసింది. సభ ఒక్క క్షణం నిశ్చేష్టమై, ఆపై కరతాళధ్వనులతో మారుమ్రోగింది.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆమె కొత్త స్నైపర్లకు శిక్షణనిచ్చింది. 1943 అక్టోబరులో సోవియట్ యూనియన్ వీరురాలు అనే అత్యున్నత బిరుదు ఆమెను వరించింది. యుద్ధం ముగిశాక కీవ్ విశ్వవిద్యాలయంలో ఆగిన చదువును పూర్తిచేసి, నౌకాదళ ప్రధాన కార్యాలయంలో చరిత్ర పరిశోధకురాలిగా పనిచేసింది. 1957లో ఎలినార్ రూజ్‌వెల్ట్ మాస్కోకు వచ్చినప్పుడు పాత స్నేహితురాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకున్నారు.

1974 అక్టోబరులో మాస్కోలో ల్యుడ్మిలా కన్నుమూసింది. నగరంలోని నోవోదెవిచి శ్మశానవాటిక ఆమెకు అంతిమ విశ్రాంతి స్థలమైంది. లోకం ఆమెను 309 అనే అంకెతో గుర్తుంచుకున్నది. అయితే తుపాకి దించిన ఆ చేతులు, యుద్ధం మధ్యలో మూయించిన పుస్తకాన్ని తిరిగి తెరవగలిగాయి. ఆ సంగతిని ఏ అంకె చెప్పలేదు.